ఏడు బావుల నీళ్లు

ఆగస్టు ఇరవై రెండు, శుక్రవారం. ఆ మధ్యాహ్నం మా ఇంట్లో ఉప్పుచేప ముక్కలు వేసి వండిన అన్నం, పులియబెట్టిన సోయాగింజల టెంపే వేపుడు, రోట్లో నూరిన పండుమిరప పచ్చడి, పళ్లెం నిండా పచ్చి ఆకులు. పడమటి జావాలో ఉండే మా సుండా వాళ్లకి పచ్చి ఆకు లేనిదే ముద్ద దిగదు. తూర్పు జావా నుంచి మిల్లు పనికి వచ్చినవాళ్లు మమ్మల్ని చూసి, "మీకు పెరడుంటే చాలు, వంటిల్లు దండగ" అని నవ్వుతుంటారు. ఆ రోజు ఆకులు కడిగింది నేనే. మా బావి నీళ్లతో, మూడుసార్లు, ఆకు ఆకూ విడదీసి కడిగాను. మా అమ్మాయి వివిన్ అప్పుడు ఏడో నెల కడుపుతో ఉంది. దాని కడుపులోకి ఇసుక రేణువు కూడా పోకూడదని నా తాపత్రయం.

తారీకుతో సహా ఇంకా గుర్తుండిపోయింది ఆ ఆకుల వల్లే.

వివిన్ నా ఒక్కగానొక్క కూతురు. దాని తల్లి ఇమాస్ పోయి అప్పటికి నాలుగేళ్లు. నన్ను ఒక్కణ్ణీ వదల్లేక పెళ్లయ్యాక కూడా అదీ, అల్లుడు రుస్తండీ మా ఇంట్లోనే ఉండిపోయారు. రుస్ అని పిలుస్తాం; నన్ను ఇద్దరూ 'అబా', అంటే నాన్న, అంటారు. ఏటి ఒడ్డున ఉన్న బట్టల మిల్లులో అద్దకం పని అతనిది. నేను మజలాయా బడిలో ముప్ఫై ఒక్క ఏళ్లు సైన్సు చెప్పి ఇంటికి వచ్చేశాను. మా ఊరు లెంబురావిలో చిన్నా పెద్దా అందరికీ నేను 'పా గురు'నే, అంటే మేష్టారినే.

ఆ ఏడు ఎండలు మే నెలలోనే మొదలయ్యాయి; మా వైపు అక్టోబరు దాకా ఎండాకాలమే. వానాకాలంలో చితారుమ్ ఏట్లో నీళ్లుంటాయి, మిల్లు వదిలేది వాటిలో కలిసి పోతుంది. ఎండాకాలంలో మిల్లు వదిలేదే ఏరు. ఆగస్టు నాటికి మా వంతెన కింద ఏరు తారులా నల్లగా, చిక్కగా, కదిలీ కదలనట్టు ఉండేది. అంచుల్లో నురుగు ఎండి అట్టకట్టేది. మసీదు బావిలో నీళ్లు ఊదారంగుకి తిరిగి రెండేళ్లయింది. కుళాయి పక్కన పెట్టిన తెల్ల గుడ్డకి మరకలు పడుతుంటే నమాజు చేయించే ఉస్తాద్ గారే ఆ బావికి తాళం వేయించారు.

చిన్నప్పుడు ఖురాన్ బడిలో మాకు నేర్పింది ఒకటుంది. నీళ్లు శుద్ధమా కాదా చెప్పడానికి మూడు గుర్తులు: రంగు, వాసన, రుచి. ఈ మూడూ మారకపోతే ఆ నీళ్లతో నమాజుకి ముందు కాళ్లూ చేతులూ కడుక్కుని వజూ చేసుకోవచ్చు. ఊళ్లో ప్రతివాడికీ తన పేరు వచ్చినట్టు ఇదీ వచ్చు. నేను కాలేజీలో రసాయన శాస్త్రం చదివాను. అయినా నీళ్ల దగ్గరికి వచ్చేసరికి నేనూ ఆ మూడు గుర్తుల మనిషినే. మా బావి మిగతావాటికన్నా రెండింతలు లోతు. రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. ఉస్తాద్ గారింటికి కూడా మా నీళ్లే వెళ్లేవి. పక్కింటి ఎంతిన్ రోజూ తెల్లవారగానే రెండు డబ్బాలతో వచ్చేది.

"పా గురు, నీ బావి లేకపోతే ఈ ఊళ్లో సగంమంది ఊదారంగు పళ్లతో తిరిగేవాళ్లు" అనేది తోడుకుంటూ.

"తోడు తోడు. ఊట ఆగదు" అనేవాణ్ణి నేను. గర్వంగానే అనేవాణ్ణి.

మా వాళ్లలో ఏడో నెల కడుపుతో ఉన్న పిల్లకి ఏడు బావుల నీళ్లు తెచ్చి, ఏడు రకాల పూలు వేసి, ఏడు బట్టలు మారుస్తూ స్నానం చేయిస్తారు. ఏడు అంకె ఉన్న తారీకునే చేయాలి. మాకు ఇరవై ఏడు కుదిరింది. చేయించేది ఇమాస్ వాళ్ల పెద్దక్క పోపోన్. పై కొండ మీది పల్లెలో ఉంటుంది, నలభై ఏళ్లుగా మంత్రసాని. వివిన్‌కి ఆమె 'ఉవా', పెద్దమ్మ. ఊరంతా కూడా ఉవా అనే పిలుస్తారు. నాకు తేతే, అంటే అక్క.

నెల మొదట్లోనే ఆమె దిగి వచ్చి, గుమ్మంలో చెప్పులు విప్పకుండానే అడిగింది.

"ఉకాన్, ఏడు బావులు చూసి పెట్టావా?"

"చూస్తున్నాను తేతే. బావులు మునుపటిలా లేవు."

"నువ్వు మాత్రం ఉన్నావా ఏం? జుట్టంతా ఏ బావిలో పారేశావు?"

వివిన్ పడీ పడీ నవ్వింది. కడుపు పట్టుకుని, "ఉవా, నవ్వించకు, వీడు తంతున్నాడు" అంది. 'వీడు' అని వివిన్, 'ఇది' అని రుస్, రోజూ పోట్లాట.

నాలోని మేష్టారు అక్కడే లేచాడు. ఊళ్లో తొమ్మిది బావుల నుంచి తొమ్మిది సీసాలు పట్టాను. బాండుంగ్‌లో నీటి పరీక్షశాలలో నా పాత విద్యార్థిని నింగ్రుమ్ పని చేస్తుంది. వాటిలో మంచివి ఏడు ఏరి చెప్పమన్నాను. మంచి నీళ్లంటే ఎలా ఉంటాయో పోల్చుకోవడానికి పనికొస్తుందని, పదో సీసాలో మా బావి నీళ్లు పట్టి, మీద 'ప్రమాణం' అని రాశాను.

ఆ శుక్రవారం ఎంగిలి చెయ్యి కడుక్కుని వరండాలోకి వస్తుంటే ఫోను మోగింది.

"పా గురు, తిన్నారా?" అంది నింగ్రుమ్.

"ఇప్పుడేనమ్మా. తీరిందా పని? ఏడు దొరికాయా?"

"తొమ్మిదిలో రెండే ఫరవాలేదు, మీరు కొండ దారిలో పట్టానన్నవి. పా గురు, ఆ 'ప్రమాణం' అని రాసింది ఎక్కడి నీళ్లు?"

"ఏం?"

"ముందు చెప్పండి."

నేను చెప్పలేదు. లోపల వివిన్ పళ్లేలు తీస్తున్న చప్పుడు వినిపిస్తోంది. 

"అందులో క్రోమియం ఉంది. ఉండదగిన దానికి పదకొండు రెట్లు. రెండుసార్లు చేశాను, పొరపాటేమో అని. అది ఎవరైనా తాగుతున్నారా?"

"రంగేమీ లేదే" అన్నాను.

"అంత కొద్దిగా ఉంటే రంగు కనపడదు పా గురు. మీరే చెప్పారు మాకు తొమ్మిదో తరగతిలో." తర్వాత మెల్లగా అంది: "బావి లోతుగా తవ్వించారా? ఒకప్పుడు ఏరు వంపు తిరిగి మీ ఇంటి పక్క నుంచే పోయేది కదా. ఆ పాత ఇసుకలోకి దిగి ఉంటుంది. లోతు తక్కువ బావులకన్నా ముందు మిల్లు నీళ్లు దానికే చేరతాయి."

"కాచి తాగితే?"

"కాస్తే క్రిములు పోతాయి. ఇది పోదు. నీళ్లు ఆవిరైపోయి ఇది ఇంకా చిక్కబడుతుంది."

మేము రోజూ కాచేవాళ్లం. వివిన్ కోసం నేను ప్రత్యేకంగా ఇంకాసేపు మరిగించేవాణ్ణి.

లోపలికి వెళ్లాను. వివిన్ బల్ల దగ్గర కూర్చుని ఉంది. కారం ఎక్కువై పెదాలు ఎర్రబడ్డాయి. గ్లాసు నిండా నీళ్లు పోసుకుని సగం తాగి, తక్కినది తాగడానికి మళ్లీ ఎత్తింది. నేను ఆ గ్లాసు దాని చేతిలోంచి తీసుకున్నాను.

"ఏంటబా?"

"ఇందులో చీమ పడింది. వేరేది తెస్తాను."

"చీమేగా, తీసి పారేస్తే పోయేది" అంటూ గ్లాసులోకి తొంగి చూసింది. నీళ్లు తేటగా ఉన్నాయి. దాని మొహం అందులో కనిపిస్తోంది.

ఆ సాయంత్రం రుస్ రాగానే వెనక వెదురు పొద దగ్గరికి తీసుకెళ్లి చెప్పాను. రుస్ నెమ్మదైనవాడు. మాట్లాడేటప్పుడు చేతులు వెనక పెట్టుకోవడం అలవాటు, గోళ్లకింద నీలం పోదని సిగ్గు. అంతా విని చతికిలబడి కూర్చున్నాడు.

"అబా, శుక్రవారం మీరంతా మసీదులో ఉన్నప్పుడు నేనెక్కడుంటానో తెలుసా?"

"మిల్లులో నమాజు చేసుకుంటానన్నావుగా."

"తూము దగ్గర ఉంటాను. అద్దకం తొట్టి నీళ్లు శుద్ధి చెయ్యకుండా ఏట్లోకి వదిలేది ఆ గంటలోనే. ఊళ్లో మగాళ్లందరూ మసీదులో ఉంటారు, చూసేవాడుండడు. చక్రం తిప్పేది నేనే. రెండేళ్లయింది." గోళ్లవంక చూసుకున్నాడు. "ఇవాళ కూడా తిప్పాను."

నాకు కోపం రావాలి. రాలేదు. భయం అంత చోటు ఆక్రమించుకుని కూర్చుంటే కోపానికి జాగా ఎక్కడ?

"దానికి ఇప్పుడే చెప్పకండి" అన్నాడు. "స్నానం అయ్యేదాకా. అంతకుముందు కడుపుతో ఉన్న మనిషి బెదిరితే ఆ బెదురు బిడ్డకి పడుతుందంటారు. ఐదు రోజులే. ఈలోపు నీళ్లు నేను టౌను నుంచి తెస్తాను."

సైన్సు మేష్టారిని, బెదురు బిడ్డకి పడుతుందన్న మాటకి తల ఊపాను. అది నమ్మకమో, నాకు అనువైన సాకో, ఇప్పటికీ తేల్చుకోలేను.

ఆ ఐదు రోజులూ ఇలా గడిచాయి. అందరికన్నా ముందు లేచి, వంటింటి కూజాలో, కెటిల్లో, బియ్యం కడిగే గిన్నెలో కొన్న నీళ్లు నింపేవాణ్ణి. పెద్ద నీలం సీసాలు కట్టెల వెనక దాచాను. రెండో రోజే వివిన్ కనిపెట్టింది.

"ఊళ్లో అందరికీ నీళ్లు పోసే ఇంట్లో కొన్న నీళ్లేమిటి అబా? ఎంతిన్ పిన్ని చూస్తే ఏడాదిపాటు ఏడిపిస్తుంది."

"ఆరోగ్య కేంద్రంలో నర్సమ్మ చెప్పింది, ఆఖరి నెలల్లో ఇవే మంచివని."

"ఆవిడ నాకు చెప్పలేదే."

"నాకు చెప్పింది."

అది నావంక ఒక క్షణం ఎక్కువసేపు చూసి, నమ్మేసింది. చిన్నప్పటినుంచీ, ఆ చీమ దాకా, నేను దానికి అబద్ధం చెప్పలేదు. అందుకే అంత తేలిగ్గా నమ్మింది.

ఆ రాత్రుల్లో నేను లెక్క వేసేవాణ్ణి. రోజుకి ఎనిమిది గ్లాసులు. ఏడు నెలలు. కూరలో, టీలో, అన్నంలో. పచ్చి ఆకుల్లో. మూడుసార్లు కడిగినవి. ఎముకలు కట్టే నెల ఏది, కళ్లు తెరిచే నెల ఏది అని పాత పుస్తకాలు తీశాను. రెండు పేజీలు చదివాను. మూసి పెట్టేశాను.

అసలు చెప్పుకోవలసింది ఇది కాదు. ఎంతిన్ సంగతి.

శనివారం తెల్లవారగానే డబ్బాలతో వచ్చింది. ఆమె మనవడికి ఎనిమిదో నెల. కోడలు మిల్లులో పని చేస్తుంది కనుక పిల్లాడికి డబ్బాపాలే. అవి కలిపేది ఈ నీళ్లతోనే. నేను బావి గట్టు దగ్గర నిలబడ్డాను.

"ఏం పా గురు, కాపలాయా? నీళ్లు ఎవరైనా ఎత్తుకెళ్తారనా?"

"తాడు నానిపోయింది ఎంతిన్. తెగేలా ఉంది. ఈ రెండు మూడు రోజులు ఇంకెక్కడైనా..."

"ఇంకెక్కడ? మసీదులోనా? మా వాడు ఊదారంగు పాలు తాగాలా?" తాడు లాగి చూసింది. "బాగానే ఉంది. నీలాగే, పైకి చూస్తే తెగేలా ఉంటుంది, తెగదు."

ఆదివారం నేను చేద దాచేశాను. ఎంతిన్ తన చేద తెచ్చుకుంది. సోమవారం బురద కదిలిందన్నాను. తొంగి చూసి, "అద్దంలా ఉంటే బురదంటాడేం ఈయన. కూతురి కడుపు కన్నా ఈయన బెంగే ముందు దిగేలా ఉంది" అని నవ్వుతూ తోడుకుంది. మంగళవారం, బుధవారం పొద్దున నేను లోపలే కూర్చున్నాను. చేద నీళ్లకి తగిలిన చప్పుడు, గిలక కీచు, డబ్బా నిండుతూ మారే ధ్వని, అన్నీ విన్నాను. ఒక్క మాట చాలు. ఆ మాట అంటే సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది, వివిన్‌కి తెలుస్తుంది, రుస్ సంగతి బయటపడుతుంది. ఐదు పొద్దులు ఆమె రెండేసి డబ్బాలు మోసుకుపోయింది. నేను చూస్తూ ఊరుకున్నాను.

ఇరవై ఏడున పెరట్లో నలువైపులా బట్ట కట్టారు. లోపల ఆడవాళ్లు, వీధి వరండాలో మగవాళ్లు. ఉస్తాద్ గారు ఖురాన్‌లో యూసుఫ్, మరియం అధ్యాయాలు చదువుతున్నారు. ఒక మూల ఎంతిన్ పెద్ద రోట్లో పళ్ల పచ్చడి దంచుతోంది. అది కారంగా కుదిరితే ఆడపిల్ల, చప్పగా కుదిరితే మగపిల్లాడు. రుస్ పక్షంవాళ్లు మిరపకాయలు ఎక్కువ పడేస్తుంటే ఎంతిన్ వాళ్ల చేతులు కొడుతోంది.

ఏడు మట్టికుండలు నేనే నింపి వరుసగా పెట్టాను. కొండ దారిలో ఉన్న ఆ రెండు బావుల నుంచైనా తేవచ్చు. ధైర్యం చాలలేదు. 'ఫరవాలేదు' అన్న మాట మీద వివిన్‌ని నిలబెట్టలేకపోయాను. ఏడింట్లోనూ టౌను నీళ్లే పోసి, మీద పూలు చల్లాను. నీళ్లకి రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. తేడా ఎవరికి తెలుస్తుంది అనుకున్నాను.

స్నానం పోసేముందు మంత్రసాని ఒక్కో కుండలోంచి చుక్క తీసి నాలుక మీద వేసుకుంటుందని నాకు తెలియదు. బట్ట అవతల మగవాళ్లం ఎప్పుడూ ఉండం కదా.

"ఉకాన్! ఇటు రా" అని ఉవా కేక వినిపించింది.

వెళ్లి బట్ట అంచు దగ్గర నిలబడ్డాను. వివిన్ జుట్టు విరబోసుకుని, మొదటి బట్ట చుట్టుకుని పీట మీద కూర్చుని ఉంది. భుజాల మీద మల్లెలు. వాళ్లమ్మ భుజాలే.

"ఇది ఏ బావి?" అంది ఉవా మొదటి కుండ చూపించి.

"హాజీ గారిది."

"ఇది?"

"వంతెన పక్కది."

"ఇది?"

నాకు పేర్లు అయిపోతున్నాయి. ఉవా చేతిలోని చిప్ప కింద పెట్టింది.

"ఏడూ ఒకటే నీళ్లు. ఒక్కదానికీ రుచి లేదు, చచ్చిన నీళ్లు. బావికో రుచి ఉంటుంది ఉకాన్. ఇవెక్కడివి?"

ఎంతిన్ రోకలి ఆపకుండానే నవ్వింది. "ఇంకెక్కడివి ఉవా! ఏడు చోట్లకి తిరగడానికి బద్ధకించి అన్నీ తన బావిలోనే తోడేసి ఉంటాడు. పోనీలే, ఈ ఊళ్లో వాటిని మించినవి ఏమున్నాయి?"

అప్పటిదాకా నేనింకేదో చెప్పి తప్పించుకోగలిగేవాణ్ణేమో. ఆ మాట విన్నాక కుదరలేదు.

"లేదు ఎంతిన్" అన్నాను. "మా బావిలోవి ఒక్క చుక్క కూడా లేదు. అవి తాగొద్దు. ఎవరూ తాగొద్దు."

నేను అందరికీ వినపడేలా చెప్పలేదు. అయినా వరండాలో చదువు ఆగిపోయింది. పదకొండు రెట్లని చెప్పాను. కాస్తే పోదని చెప్పాను. పాఠం చెప్పినట్టే చెప్పాను, ఇంకోలా చెప్పడం నాకు రాదు.

ఎంతిన్ రోకలి రోట్లోనే వదిలేసింది.

"ఎప్పుడు తెలిసింది?"

"శుక్రవారం."

"ఇవాళ బుధవారం" అంది.

 చాప మీద నిద్రపోతున్న మనవణ్ణి ఎత్తుకుని, చెంగుతో వాడి నోరు తుడిచింది, అక్కడేదో అంటుకుని ఉన్నట్టు. వెళ్లిపోయింది. ఆమె వెనక ఇంకొకరు, ఇంకొకరు. ఉస్తాద్ గారు నా భుజం మీద చెయ్యి వేసి, తీసేసి, ఆయన కూడా ఇంటివైపు గబగబా నడిచారు. ఆ ఇంట్లోనూ చిన్నపిల్లలున్నారు.

పెరట్లో మేం నలుగురం మిగిలాం.

"అబా" అంది వివిన్. ఏడవడం లేదు. "నేను కూడా తాగాను కదా. మొదటినుంచీ."

"ఊఁ."

"ఆ రోజు చీమ లేదు కదా."

"లేదు" అన్నాను.

అది కడుపు మీద రెండు చేతులూ వేళ్లు విప్పార్చి పెట్టుకుంది. ఆ తర్వాత ఉవావంక తిరిగి, "ఈ నీళ్లు శుభ్రమేగా?" అంది.

"చచ్చినవే గానీ శుభ్రమే" అంది ఉవా.

"అయితే పోసెయ్యి. చలేస్తోంది."

ఉవా ఏడు కుండలూ పోసింది. దగ్గర ఏడుగురు ఆడవాళ్లు ఉండి ఏడు బట్టలు అందించాలి. లేరు గనుక నేనూ రుస్సూ మొహం పక్కకి తిప్పుకుని అందించాం. చివర్న భర్త ఒక కుండ తీసుకెళ్లి నాలుగు దారుల కూడలిలో పగలగొట్టాలి. రుస్ వెళ్లి పగలగొట్టాడు. పెంకుల మధ్యే నిలబడి, అక్కడున్న మగవాళ్లతో శుక్రవారం తూము సంగతి చెప్పేశాడట. ఎవరో చెంప మీద కొట్టారు. ఎవరని ఇప్పటికీ చెప్పలేదు.

మర్నాడే ఉవా వివిన్‌ని కొండ మీదికి తీసుకెళ్లిపోయింది. అక్కడ ఊటనీళ్లు, రాళ్లలోంచి వస్తాయి. రుస్‌ని మిల్లువాళ్లు ఆ వారంలోనే తీసేశారు. ఆ శుక్రవారం మగవాళ్లు సగంమంది మసీదుకి వెళ్లకుండా తూము దగ్గర కాపు కాశారు. మిల్లువాళ్లు తొట్టి నీళ్లు గురువారమే వదిలేశారు.

నేను బావి మీద పలకలు పరిచి మేకులు కొట్టాను. సెప్టెంబరంతా ఎవరూ మా గేటు తియ్యలేదు. వీధిలో ఎదురైతే తలలు పక్కకి తిరిగేవి. నాకు కోపం రాలేదు. తెల్లవారగానే మెలకువ వచ్చేది, గిలక చప్పుడు కోసం చెవి పెట్టి పడుకునేవాణ్ణి.

మూడు వారాలకి ఒక మధ్యాహ్నం ఎంతిన్ కంచె దగ్గర నిలబడింది.

"మేకులు వంకరగా కొట్టావు" అంది.

"చెయ్యి వణుకుతోంది."

"వణకాలి మరి." కాసేపు పలకలవంక చూసింది. తర్వాత చెంగు ముడి విప్పి, మడతపెట్టిన కాగితం కంచె మీదినుంచి ఇచ్చింది. "మావాడికి రక్తం తీశారు. ఎక్కువుందా తక్కువుందా అంటే కాగితం చూసుకోమన్నాడు ఆ రక్తం తీసిన కుర్రాడు. నా కోడలికి అర్థం కాలేదు. చదువు. ఉన్నది ఉన్నట్టు చదువు."

చదివాను. అంకెలు రెండుసార్లు చూశాను. రక్తంలో ఉండకూడనిది ఉంది. ప్రమాదమని గీసిన గీతకి కొంచెం దిగువనే ఉంది. ఆ రెండూ, ఏదీ తగ్గించకుండా, ఏదీ పెంచకుండా చెప్పాను.

"కొంచెం దిగువనా?"

"కొంచెమే. మళ్లీ మూడు నెలలకి చూడాలి. ఆ నీళ్లు ఆపేశారు గనుక తగ్గాలి."

"తగ్గాలి" అని నా మాటే తిరిగి అంది. కాగితం మళ్లీ మడిచి కొంగున ముడివేసుకుంది. "మళ్లీ తీసినప్పుడు తెస్తాను. నువ్వే చదవాలి" అని వెళ్లింది. ఆమెకి చదివి చెప్పేవాళ్లు ఊళ్లో ఇంకా ఉన్నారు. ఆ సంగతి నాకూ తెలుసు, ఆమెకూ తెలుసు.

అక్టోబరు ఆఖరివారంలో కొండ మీద తొలి వాన పడింది. ఆ వానలోనే కబురు వచ్చింది. రుస్ అప్పటికే అక్కడ ఇటుకలు మోసే పనిలో ఉన్నాడు. నేను వెళ్లేసరికి సాయంత్రమైంది. ఆడపిల్ల. రెండు కిలోల మూడువందలు. చిన్నది. ఏడుపు మాత్రం పెద్దది, మెట్ల మీదికే వినిపించింది.

ఉవా నా చేతుల్లో పెట్టింది. గుడ్డ విప్పి వేళ్లు లెక్కపెట్టాను. చెవుల వెనక చూశాను. కనురెప్పలు, చిగుళ్లు, అరికాళ్లు చూశాను. దీపం దగ్గరికి తీసుకెళ్లి మళ్లీ మొదలుపెట్టాను.

"చాలు ఉకాన్" అంది ఉవా, బిడ్డని లాక్కుంటూ. "వెదక్కు. వెదికితే ఏదో ఒకటి కనపడుతూనే ఉంటుంది."

"లోపల ఏముందో పైకి కనపడదు తేతే."

"అందుకే వెదకొద్దంటున్నా."

ఆరోగ్య కేంద్రం డాక్టరు మధ్యాహ్నమే వచ్చి చూసి వెళ్లాడట. ఇప్పుడేమీ చెప్పలేం, పెరగనివ్వండి అన్నాడట. ఎన్నాళ్లు పెరిగితే చెప్పగలరని నేను అడగాలనుకున్నాను. అడగడానికి అతను లేడు. ఉండి ఉంటే అడిగేవాణ్ణి కానేమో.

అన్నం తిని, రాత్రి ఇషా నమాజు చేసుకుని, వివిన్ పడుకున్న గది ముందు చాప వేసుకున్నాను. బయట చూరు నీళ్లు సన్నగా కారుతున్నాయి. లోపల బిడ్డ ఊపిరి వినపడకపోతే లేచి వెళ్లి చూసి వచ్చేవాణ్ణి. మూడోసారి వెళ్లినప్పుడు వివిన్ మేలుకునే ఉంది. బిడ్డ దాని రొమ్ము పక్కన పిడికిలి బిగించి నిద్రపోతోంది.

"ఊపిరి తీస్తోంది అబా. నేను చూస్తూనే ఉన్నాను."

"ఊరికే వచ్చాను."

"డాక్టరు నీకు వేరేగా ఏమైనా చెప్పాడా?"

"నేను వచ్చేసరికే వెళ్లిపోయాడు."

"నింగ్రుమ్?"

"లేదు."

"ఇంకేమైనా ఉందా, నాకు చెప్పనిది?"

"ఏమీ లేదు. భయంగా ఉంది, అంతే."

అది నావంక చూసింది. ఆ రోజు కొన్న నీళ్ల సంగతి అడిగి చూసినట్టు క్షణం కాదు. చాలాసేపు, బిడ్డ మొహంలో నేను వెదికినట్టు, నా మొహంలో వెదికింది. దొరికిందో లేదో నాకు తెలియదు. లేచి, చెయ్యి గోడకి ఆనించుకుంటూ గుమ్మం దాకా వచ్చింది.

"నాకూ ఉంది" అంది. "వెళ్లి పడుకో అబా."

బిడ్డ లేవకుండా, తలుపు కింది చెక్క నేలకి రాసుకోకుండా కాస్త పైకెత్తి పట్టుకుని, మెల్లగా వేసుకుంది.